గంట మోగని రోజులు

పొద్దున్న ఏడున్నరకల్లా లిఫ్టక్క తన స్టూలు తుడుచుకుని, జాలీ తలుపుల పట్టాల్లో రెండు చుక్కలు నూనె వేసి, ఖాళీ లిఫ్టుని ఒకసారి పైదాకా తీసుకెళ్ళి కిందికి తెచ్చేది. పంతొమ్మిదేళ్ళుగా అదే వరస. ఖాళీగా తిప్పడం ఎందుకు, కరెంటు దండగ అని ఎవరైనా అంటే, "నిద్రలేచిన మనిషి ఒళ్ళు విరుచుకోదా? ఇదీ అంతే" అనేది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆ బిల్డింగులో ఇంకెవరికీ తెలియదు. డైరెక్టరు గారి దగ్గర్నుంచి క్యాంటీన్లో గిన్నెలు కడిగే మనిషి దాకా అందరికీ ఆమె లిఫ్టక్కే.

ఆరంతస్తుల పాత బిల్డింగు అది. మధ్యలో లిఫ్టు, దాని చుట్టూ చుట్టుకుంటూ పైకి పోయే మెట్లు. లిఫ్టుకి గోడల్లేవు, నాలుగు వైపులా ఇనప జాలీయే. అందుకని మెట్లెక్కేవాళ్ళూ లిఫ్టులో వెళ్ళేవాళ్ళూ ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు, మాట్లాడుకుంటే వినిపిస్తూనే ఉంటుంది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, గీజర్లు అమ్మే కంపెనీ. సరుకు తయారయ్యేది ఇంకెక్కడో. ఇక్కడ జరిగేదల్లా ఫోన్లో తిట్లు తినడం. చెడిపోయిన ప్రతి వస్తువుకీ ఒక ఫోను వస్తుంది. ప్రతి ఫోనుకీ ఇక్కడొకరు "నమస్కారమండీ, చెప్పండి" అంటారు. రోజుకి ఎనభైమంది చేత చీవాట్లు తిని, సాయంత్రం మామూలు మొహంతో ఇంటికెళ్ళడం అందరివల్లా అయ్యే పని కాదు.

లిఫ్టులో ఒక రేకు ముక్క మీద "ఏడుగురు, 476 కిలోలు" అని రాసి ఉండేది. అంతకు మించితే నెత్తిమీద గంట గణగణా మోగుతుంది, లిఫ్టు కదలదు. ఏ లిఫ్టయినా అంతే. కాకపోతే ఈ లిఫ్టు మనసులో బరువు కూడా కలిపి చూసేది. ఒక్కోరోజు ముగ్గురెక్కినా మోగేది. ఒకసారి ఈనెపుల్లలాంటి టైపిస్టు ఒక్కతే ఎక్కితే మోగింది. అంతకు రెండు రోజుల ముందే ఆవిడ తమ్ముడు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఏడాదికోసారి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు కూడా తన కాగితంలో "బరువు సరిగ్గానే చూస్తోంది" అని రాసి సంతకం పెట్టి పోయేవాడు.

మోగినప్పుడు ఏం చెయ్యాలన్నదానికి ఒక పద్ధతుంది. ఆ బరువు ఎవరిదని ఎవరూ అడగకూడదు. చివర ఎక్కినవాళ్ళు దిగాలి. అప్పటికీ మోగుతుంటే ఆ ముందు ఎక్కినవాళ్ళు. అలా ఒక్కొక్కరే దిగిపోగా, ఎవరు మిగిలితే గంట మోగుతూనే ఉంటుందో, వాళ్ళని లోపలే ఉంచి లిఫ్టక్క జాలీ తలుపు వేసేది. బయటివాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగి, ఏదో పని ఉన్నట్టు తమ ఫోన్లు చూసుకునేవాళ్ళు. లిఫ్టక్క నేల చూపులు చూస్తూ "ఊఁ, చెప్పు" అనేది. చెప్పేవాళ్ళు, కొందరు అర నిమిషం, కొందరు పది నిమిషాలు. చెప్పడం అయిపోగానే గంట ఆగిపోయేది, లిఫ్టు పైకి లేచేది. ఆ మాటలు ఆమె నోటి వెంట మళ్ళీ ఎప్పుడూ బయటికి రాలేదు. ఆ బిల్డింగులో ఎవరి కాపురం ఎలా ఉందో, ఎవరి కడుపులో ఏ భయం ఉందో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. అయినా ఎవరూ ఆమెని చూసి తప్పుకుని తిరగలేదు.

అలాంటి చోటికి ఆనందం సారు వచ్చాడు.

ఆయన గది తలుపు మీద "ఉద్యోగుల ఆనంద, సంక్షేమ విభాగం" అని ఇత్తడి అక్షరాలు పెట్టారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, నీటైన మనిషి, ఎవరితోనైనా "మీరు" అనే మాట్లాడేవాడు. వచ్చిన వారంలోనే ప్రతి అంతస్తులో రెండు మొక్కలు పెట్టించాడు. అందరికీ పసుప్పచ్చ నవ్వు బొమ్మ బ్యాడ్జీలు పంచాడు. మధ్యాహ్నం మూడింటికి అయిదు నిమిషాలు అందరూ లేచి నిలబడి గట్టిగా నవ్వాలన్నాడు. నవ్వుతుండగా ఫోన్లు మోగుతూనే ఉండేవి, ఎత్తినవాళ్ళకి అవతల నుంచి "మా ఫ్రిజ్ చెడిపోతే మీకు నవ్వులాటగా ఉందా?" అని కొత్త తిట్లు పడేవి. అదీ కొన్నాళ్ళు నడిచింది. ఆయన మాత్రం ఎప్పుడూ లిఫ్టెక్కేవాడు కాదు. "మెట్లు వ్యాయామం కదండీ" అనేవాడు.

తర్వాత ఆయన దృష్టి గంట మీద పడింది. లిఫ్టు మెకానిక్‌ని పిలిపించి దాన్ని తీసెయ్యడం కుదురుతుందా అని అడిగాడు. మెకానిక్ తల గోక్కుని, "గంట తీసేస్తాను సార్, అదెంతసేపు. బరువు తియ్యడం నావల్ల కాదు. చప్పుడు లేకుండా ఆగిపోతుంది, అంతే" అన్నాడు.

అప్పుడు వచ్చింది బోర్డు. లిఫ్టు ఎదురుగా, గేట్లోంచి రాగానే కనిపించేలా తెల్ల బోర్డు తగిలించి, పెద్ద అక్షరాలతో "గంట మోగని రోజులు" అని రాయించాడు. కింద అంకె. మోగితే అంకె మళ్ళీ సున్నా. వరసగా ముప్ఫై రోజులు మోగకపోతే బిల్డింగు మొత్తానికి ఇకనుంచి నెల నెలా రెండో శనివారం సెలవు. చైర్మన్ గారే వచ్చి ప్రకటిస్తారు.

చిన్న విషయమేం కాదది. ఆరు రోజులూ పనిచేసి ఏడో రోజు బట్టలు ఉతుక్కోవడంతోనే సరిపోయేవాళ్ళకి ఒక శనివారం దొరకడమంటే మాటలు కాదు. బిల్డింగంతా ఒక్కసారిగా గంట మోగకూడదని కంకణం కట్టుకుంది. మొదటి వారంలో అంకె మూడుదాకా వెళ్ళి సున్నా అయింది. మోగించిన ప్యాకింగు సెక్షను మనిషిని ఆ సాయంత్రం క్యాంటీన్లో పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు లేరు. మళ్ళీ అయిదుకి వెళ్ళి సున్నా. ఈసారి మోగించినామెని మొహం మీదే అడిగేశారు: "ఏమ్మా, మీ ఇంటి గోల మా నెత్తినా?" పంతొమ్మిదేళ్ళలో బరువు ఎవరిదని అడగడం అదే మొదటిసారి.

ఆ తర్వాత అంకె ఆగకుండా పైకి పోయింది. లిఫ్టు తేలికైపోయింది. ఎందుకంటే తమ మీద తమకి ఏ కాస్త అనుమానం ఉన్నా అందరూ మెట్లదారి పట్టారు. మొదట్లో ఇద్దరు ముగ్గురు. వారం తిరక్కుండా మెట్ల మీద చోటు లేదు. ఎవరు ఎవరిని పలకరించినా ఒకటే సమాధానం: "వ్యాయామం." లిఫ్టక్క ఒక్కతే స్టూలు మీద కూర్చుని, ఇద్దర్నో ముగ్గుర్నో ఎక్కించుకుని పైకి పోతూ, జాలీలోంచి ఆయాసపడే మొహాలు చూస్తుండేది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూసేవాళ్ళు కాదు.

ఆరో అంతస్తు ఫోన్ల హాల్లో పనిచేసే బుడ్డి లిఫ్టక్క చెల్లెలి కూతురు. చెల్లెలు పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, అప్పటినుంచీ పెంచింది పెద్దమ్మే. బుడ్డి అన్న పేరు అప్పటిది. ఇప్పుడు పెద్దమ్మ కంటే జానెడు పొడుగు, అయినా పేరు మారలేదు. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. ఒకే బస్సులో వచ్చి, ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు.

అంకె పదకొండు ఉన్న రోజు పొద్దున్నే ఇంకా ఎవరూ రాకముందు, బుడ్డి లిఫ్టెక్కింది. రెండో కాలు లోపల పెట్టిందో లేదో, గంట మోగింది.

బుడ్డి రేకు ముక్కకేసి చూస్తూ నిలబడింది. "పెద్దమ్మా, మొన్న ఫోన్లో..." అని మొదలుపెట్టింది.

దూరంగా వీధి చివర బస్సు ఆగిన చప్పుడైంది. లిఫ్టక్క బోర్డు వైపు చూసింది. పదకొండు. ఇది తెలిస్తే అందరూ కలిసి పిల్లని పీక్కుతింటారు. ఆమె బుడ్డి భుజం పట్టుకుని బయటికి నెట్టినంత పనిచేసింది. గంట ఠక్కున ఆగింది. "ఇవాళొక్కరోజూ మెట్లెక్కు తల్లీ. సాయంత్రం ఇంట్లో చెబుదువులే. ఎవరూ వినలేదు" అంది గొంతు తగ్గించి.

బుడ్డి బ్యాగు భుజాన సర్దుకుని మెట్లెక్కింది. సాయంత్రం ఇంట్లో "ఏంటే, పొద్దున్న ఏదో చెప్పబోయావు?" అని అడిగితే, "ఏం లేదు పెద్దమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఊరందరి చేతా చెప్పించిన మనిషికి సొంత పిల్ల చేత ఎలా చెప్పించాలో తెలియలేదు. ఇంట్లో గంట లేదు కదా, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అడగాలో చెప్పడానికి.

ఆ తర్వాత బుడ్డి మళ్ళీ లిఫ్టెక్కలేదు. తిండి తగ్గింది. రోజూ ఆరంతస్తులు ఎక్కీ దిగీ కళ్ళ కింద నల్లటి చారలొచ్చాయి. లిఫ్టక్క చూస్తూనే ఉంది. చూస్తూ, రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. ఇరవై రెండు. ఇరవై అయిదు.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అన్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు మెట్లమ్మ ఒక మాట చెవిన వేసింది. మెట్లూడ్చే మనిషి ఆవిడ. లిఫ్టుకి అక్క ఉంటే మెట్లకి అమ్మ ఉండొద్దా అని ఎవరో నవ్వులాటకి పెట్టిన పేరది.

"మీ బుడ్డి భోజనాల టైములో ఆరో అంతస్తు దాటి పైకి పోతోందక్కా. టెర్రస్ తలుపు దగ్గర చివరి మెట్టు మీద చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుంటోంది. మూడ్రోజుల నుంచి చూస్తున్నాను. తలుపుకి తాళం ఉంటుందనుకో. అయినా నాకెందుకో బాగోలేదు."

లిఫ్టక్క డబ్బాకి మూత పెట్టేసింది. ఆ సాయంత్రం బస్సులో అడిగింది. "గాలికి పెద్దమ్మా. హాల్లో ఉక్కగా ఉంటుంది" అంది బుడ్డి కిటికీలోంచి చూస్తూ. తలుపేసి ఉన్నచోట గాలేమిటని లిఫ్టక్క అడగలేదు. ఇంకొక్క రెండు రోజులు, ముప్ఫై అయిపోతే చాలు, ఆ మర్నాడు పొద్దున్నే పిల్లని లిఫ్టులో కూర్చోబెట్టి, గంట మోగితే మోగనిచ్చి, అంతా చెప్పిస్తాననుకుంది. నిజం చెప్పాలంటే ఆ శనివారం ఆమెకీ కావాలి. మోకాళ్ళు ఎప్పటినుంచో మొరాయిస్తున్నాయి.

ముప్ఫయ్యో రోజు పొద్దున్న బిల్డింగు పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మం నిండా పసుపు బెలూన్లు. టెర్రస్ మీంచి కిందిదాకా వేలాడేలా పెద్ద నవ్వు బొమ్మ బ్యానరు కట్టారు. చైర్మన్ గారు తొమ్మిదింపావుకే వచ్చి కింది హాల్లో సోఫాలో కూర్చున్నారు. తొమ్మిదిన్నరకి ఆఫీసు గంట కొట్టేవరకూ లిఫ్టు గంట మోగకపోతే చాలు, ఆనందం సారు బోర్డు మీద ముప్ఫై వేస్తాడు. ఎందుకొచ్చిన గొడవ అని ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు లిఫ్టెక్కలేదు. ఆరంతస్తుల మెట్లూ జనంతో నిండిపోయాయి. బుడ్డి ఎనిమిదింటికే మెట్లెక్కేసింది. మిగతావాళ్ళలో కొందరు కింది హాల్లోనే నిలబడి గడియారం చూస్తున్నారు.

తొమ్మిదీ ఇరవైకి మెట్లమ్మ జనాన్ని తోసుకుంటూ కిందికొచ్చింది. చేతిలో చీపురు లేదు. లిఫ్టు జాలీ పట్టుకుని, రొప్పుతూ, గొంతు పైకి రానివ్వకుండా అంది.

"అక్కా, బ్యానరు కట్టడానికి టెర్రస్ తాళం తీశారు. మళ్ళీ వెయ్యలేదు. మెట్టు మీద మీ పిల్ల చెప్పులున్నాయి. మెడలో కార్డు, నవ్వు బ్యాడ్జీ కూడా తీసి చెప్పుల పక్కన పెట్టింది. అదేమో ఆ చివర, పిట్టగోడ దగ్గర నిలబడుంది. పిలిచాను. తిరగలేదు. దగ్గరికి పోతే ఏం చేసుకుంటుందోనని ఇటొచ్చాను."

లిఫ్టక్క వాచ్‌మన్‌ని పైకి పరిగెత్తమంది. అతను పరిగెత్తాడు. మొదటి మలుపులోనే జనంలో ఇరుక్కుపోయాడు. ఆమె లిఫ్టులోకి వెళ్ళి, జాలీ లాగి, ఎప్పుడూ వాడని ఏడో మీట, టెర్రస్‌ది, నొక్కింది.

గంట మోగింది.

పంతొమ్మిదేళ్ళలో ఆ గంట ఎప్పుడూ ఆమెకి మోగలేదు. ఆమె బరువు ఆ లిఫ్టు అసలు లెక్కలోకే తీసుకోదని అందరూ అనుకునేవాళ్ళు, ఆమె కూడా. మీట మళ్ళీ నొక్కింది. లిఫ్టు అంగుళం కదల్లేదు. గంట మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. హాల్లో అందరూ తిరిగి చూశారు. మెట్ల మీద కాళ్ళన్నీ ఆగిపోయాయి.

"అక్కా, దిగు! ఇంకో పది నిమిషాలే!" ఎవరో అరిచారు.

"దిగు లిఫ్టక్కా, నీకు పుణ్యముంటుంది!"

ఆనందం సారు పరిగెత్తుకొచ్చాడు. మార్కరు చేతిలోనే ఉంది. "అక్కా, దయచేసి బయటికి రండి. దిగితే ఆగిపోతుంది. ఏదో సాంకేతిక లోపం అని చెబుతాను. చైర్మన్ గారు చూస్తున్నారు" అన్నాడు బతిమాలుతున్నట్టు.

"నా పిల్ల పైనుంది సారూ. టెర్రస్ మీద. నాకు భయంగా ఉంది" అంది లిఫ్టక్క. చెబితే ఆగాలి కదా అని చెప్పింది. గంట ఆగలేదు.

అది బరువు కాదు, భయం. తేడా ఆమెకి తెలుసు. ఎన్ని వందలమంది చేత చెప్పించలేదు! మొదట పైపైది చెబుతారు. గంట మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత అసలుది వస్తుంది. ఆమె ఎప్పుడూ కూర్చునే స్టూలు ఖాళీగా ఉంది. "ఊఁ, చెప్పు" అనేవాళ్ళెవరూ లేరు. ఎదురుగా రెండువందల మొహాలు. తను ఇప్పుడు చెప్పబోయేది వింటే ముప్ఫై రోజులూ గంగలో కలుస్తాయని తెలుసు. ఆమె రెండు చేతులతో జాలీ పట్టుకుంది.

"పదకొండో రోజే మోగింది" అంది. "మా బుడ్డికి మోగింది. మీరెవరూ లేరు. అది నాతో ఏదో చెప్పుకుందామని నోరు తెరిచింది. నేను దాన్ని బయటికి నెట్టేశాను. మెట్లెక్కమన్నాను. మీ అందరివీ విన్నాను, నా పిల్లది వినలేదు. ఆ బోర్డు కోసం. శనివారం నాకూ కావాలి. మోకాళ్ళు నొప్పులు. అందుకని పిల్ల నోరు మూశాను."

గంట ఆగిపోయింది.

లిఫ్టు ఒక్క కుదుపుతో పైకి లేచింది. జాలీలోంచి మెట్లు చుట్టూ తిరుగుతూ కిందికి పోతున్నాయి. మెట్ల మీద గోడకి ఆనుకుని అందరూ నిలబడే ఉన్నారు. రెండో అంతస్తు మలుపులో టైపిస్టు. మూడో అంతస్తులో ఏడో నెల కడుపుతో ఒకామె మెట్టు మీద కూలబడి, మోకాలు పట్టుకుని పైకి చూస్తోంది. నాలుగో అంతస్తులో వాచ్‌మన్ ఇంకా దారి కోసం తోసుకుంటున్నాడు. ఇంతమందా, అనుకుంది లిఫ్టక్క. లిఫ్టు ఇంత మెల్లగా పోతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఏడో చోట జాలీ లాగితే మొహానికి ఎండ కొట్టింది. బ్యానరు తాళ్ళు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. ఆ చివర పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి, వట్టి కాళ్ళతో బుడ్డి నిలబడి ఉంది.

"బుడ్డీ."

"రావద్దు పెద్దమ్మా." తల తిప్పలేదు.

లిఫ్టక్క లిఫ్టు గడప దాటలేదు. మామూలు గొంతు తెచ్చుకుంది. "నేనెక్కడికొస్తానే ఈ మోకాళ్ళతో? నువ్వే రా. లిఫ్టులో కూర్చుందాం."

"లిఫ్టు వద్దు. మోగుతుంది." బుడ్డి గొంతు అలిసిపోయి ఉంది. "టైమెంతయింది? తొమ్మిదిన్నర అవనీ పెద్దమ్మా. అంతదాకా ఏం చెయ్యను, నువ్వెళ్ళు. అందరికీ శనివారం వస్తుంది. నావల్ల చెడిపోయిందనిపించుకోను."

అంటే ఈ పిల్ల తొమ్మిదిన్నర కోసం ఆగి ఉంది. చావబోతూ కూడా బోర్డు చూసుకుంటోంది.

"మోగిపోయిందే" అంది. "ఇప్పుడే. వినలేదా?"

"ఎవరికి?"

"నాకు."

బుడ్డి మొట్టమొదటిసారి వెనక్కి తిరిగింది. "నీకా?"

"నాకే. మోగీ మోగీ చైర్మన్ గారికి చెవులు దిమ్మెక్కి ఉంటాయి. నిన్ను నెట్టేసిన సంగతి అందరి ముందూ చెప్పేదాకా ఆగలేదు. శనివారం పోయింది. అది నేను పోగొట్టాను, నువ్వు కాదు. ఇప్పుడు నువ్వెక్కినా, మోగినా, కొత్తగా పోయేదేం లేదు. రా తల్లీ. ఆ రోజు చెప్పబోయింది చెప్పు. ఈసారి వింటాను."

బుడ్డి పిట్టగోడ మీంచి ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యి తీసింది. ఎండకి కాలిన గచ్చు మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, లిఫ్టులో కాలు పెట్టింది. గంట మోగింది. లిఫ్టక్క పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, జాలీ వేసి, స్టూలు మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది.

"ఊఁ, చెప్పు."

గంట మోగుతుండగా, దాని మీంచి అరుస్తున్నట్టుగా బుడ్డి చెప్పింది. ఒక ముసలాయన ఫోన్ చేశాడు. గీజర్లోంచి టకటకమని చప్పుడొస్తోందన్నాడు. గీజరు నంబరు చదవమంటే, "ఒక్క నిమిషం ఉండమ్మా, కళ్ళజోడు తెచ్చుకుంటాను" అని ఫోను పక్కన పెట్టి వెళ్ళాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళడం వినిపిస్తూనే ఉంది. ఆ హాల్లో ఒక్కో ఫోనుకి నాలుగు నిమిషాలే. దాటితే బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, సూపర్‌వైజర్ వచ్చి వెనక నిలబడుతుంది. దీపం వెలిగింది. బుడ్డి ఫోను పెట్టేసింది.

"మర్నాడు ఆయన కూతురు చేసింది. ఇంతమంది ఉండగా నాకే వచ్చింది ఆ ఫోను. నిన్న ఎవరో అమ్మాయి మధ్యలో పెట్టేసిందట, నాన్నే చూసుకుందామని ఏదో తిప్పబోతే గీజరు పేలి వేణ్ణీళ్ళు భుజం మీద పడ్డాయి, హాస్పిటల్లో ఉన్నాడు, ఆ అమ్మాయెవరో చెప్పండి అంది." బుడ్డి వెక్కిళ్ళు పెడుతోంది. "కనుక్కుంటానండీ అన్నాను పెద్దమ్మా. నేనే అని చెప్పలేదు. సూపర్‌వైజర్‌కి చెబితే, ఈ సంగతి ఇక్కడితో మర్చిపో అంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వచ్చి ఉంటాడు కదా. వచ్చి ఫోనెత్తి, అమ్మా, అమ్మా అని ఉంటాడు కదా."

లిఫ్టక్క నీ తప్పేం లేదని అనలేదు. పిల్ల పాదాలు బొబ్బలెక్కి ఉంటే కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆ ఆఖరి మాట దగ్గర గంట ఆగిపోయింది. కింద ఆరంతస్తుల మెట్ల మీదా ఎవరూ కదల్లేదు. వినడం అందరూ విన్నారు.

దిగేటప్పుడు మూడో అంతస్తులో లిఫ్టక్క ఆపి, జాలీ తీసి, కడుపుతో ఉన్నామెని లోపలికి రమ్మంది. ఆమె ఎక్కితే గంట మోగింది. ఆమె సిగ్గుపడి దిగబోయింది. "ఉండమ్మా, తొందరేముంది?" అని లిఫ్టక్క జాలీ వేసింది.

శనివారం పోయింది. చైర్మన్ గారు ఏమీ ప్రకటించకుండానే కారెక్కి వెళ్ళిపోయారు. నలుగురైదుగురు నెల రోజులపాటు లిఫ్టక్కతో మాట్లాడలేదు, వాళ్ళ బాధ వాళ్ళది. మిగతావాళ్ళు మళ్ళీ లిఫ్టు ముందు వరస కట్టారు. రోజుకి పదిసార్లు మోగేది. ఆ ముప్ఫయ్యో రోజు సాయంత్రమే, అందరూ వెళ్ళాక ఆనందం సారు ఒక్కడే వచ్చి లిఫ్టెక్కాడు. గంట మోగింది. ఆయన ఏం చెప్పాడో లిఫ్టక్క ఎవరికీ చెప్పలేదు, కాబట్టి ఇక్కడ రాయడం కుదరదు. చాలాసేపు మోగింది, అంతవరకే వాచ్‌మన్‌కి తెలుసు. మర్నాడు గోడ మీద బోర్డు లేదు. ఆ తర్వాత ఆయన నాలుగు నిమిషాల సంగతి పట్టుకుని డైరెక్టరు గది చుట్టూ చెప్పులరిగేలా తిరగడం మొదలుపెట్టాడు. మెట్ల మీద కాదు, లిఫ్టులో.

బుడ్డి నాలుగు రోజులు ఇంట్లోనే ఉంది. అయిదో రోజు పెద్దమ్మతో పాటు బస్సెక్కింది. లిఫ్టులో ఆరో అంతస్తుకి వెళ్ళింది. కొంచెం మోగింది, ఆగింది. తన బల్ల దగ్గర కూర్చుని ఒక నంబరు నొక్కింది. లిఫ్టక్క జాలీ తీసి ఉంచి, గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది.

"నమస్కారమండీ. ఆ రోజు మీ ఫోను పెట్టేసిన అమ్మాయిని నేనేనండీ" అంది బుడ్డి. తర్వాత చాలాసేపు అవతలి మాట వింటూ కూర్చుంది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఒకసారి "భుజం ఎలా ఉందండీ ఇప్పుడు?" అంది. నాలుగు నిమిషాలయింది. ఎర్రదీపం వెలిగింది. సూపర్‌వైజర్ లేచి రెండడుగులు వేసి, ఏమనుకుందో, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది.

కింద నుంచి ఎవరో లిఫ్టు కోసం మీట నొక్కుతున్నారు, ఒకటికి మూడుసార్లు. లిఫ్టక్క జాలీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"పర్లేదండీ, నెమ్మదిగా వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకోండి" అంటోంది బుడ్డి. "నేను లైన్లోనే ఉంటాను."